ఐ, అయ్, అయి: చెవికి ఒకటే, భాషకు మాత్రం మూడు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డీఎస్సీకి చదువుతున్నారు. ఐ, ఔ ద్విస్వరాలు, ఇంగ్లీషులో వీటినే డిఫ్తాంగులంటారు అని పుస్తకంలో ఉంది. కానీ అయ్, అవ్ అన్నా అదే ధ్వని వినిపిస్తోంది, అయి, అవు అన్నా దాదాపు అంతే. మరి ఏది ద్విస్వరం, ఏది కాదు? రొయ్య, పొయ్యిలో వినబడే ఒయ్ ఇంగ్లీషు బాయ్‌లో ఉన్నదే అయితే దానికి తెలుగులో అక్షరం ఎందుకు లేదు?

తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి ముందు ఒక పని చేయండి. ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ పేరు ఎవరి చేతనైనా చెప్పించండి. ఆటో డ్రైవరు దగ్గర్నుంచి అందులో చదివే పిల్లల దాకా ఎక్కువమంది నోట వచ్చేది "అయ్యైటీ". రాతలో రెండు ఐలు తప్ప ఇంకేం లేదు. పలుకులో మాత్రం మధ్యన నిఖార్సైన యకారం, అదీ ఒత్తుతో. ఐఏఎస్ కూడా అంతే, "అయ్యేయెస్" అంటాం. లేని యకారం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? లేనిది రాలేదు, ఉన్నదే బయటపడింది. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ముందు మూడింటినీ విడదీసుకుందాం. నాలుక ఒక అచ్చు దగ్గర మొదలై, ఎక్కడా ఆగకుండా, అడ్డు తగలకుండా ఇంకో అచ్చు వైపు జారితే, ఆ జారుడంతా ఒకే సిలబుల్‌లో, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలో, ముగిస్తే అది ద్విస్వరం. అచ్చు పలికాక నాలుక అంగిటికి బాగా దగ్గరగా వెళ్లి ఆ సిలబుల్‌ను మూసేస్తే అది అచ్చు తర్వాత హల్లు, అంటే అయ్. రెండు అచ్చులు రెండు సిలబుళ్లుగా నిలబడి, మధ్యలో యకారం వాటిని కలిపితే అది అయి. మెట్లకీ ర్యాంపుకీ ఉన్నంత తేడా మూడోదానికీ మొదటిదానికీ ఉంది. మొదటిదానికీ రెండోదానికీ ఉన్న తేడా మాత్రం చాలా సన్నం. గొడవంతా అక్కడే.

సులువైనది ముందు తేల్చేద్దాం. ఐకీ అయికీ తేడా కొలవడానికి మనకి యంత్రం అక్కర్లేదు, ఛందస్సు ఉంది. "ఐదు" అంటే గురువు, లఘువు: హగణం. "అయిదు" అంటే మూడు లఘువులు: నగణం. రెంటికీ మాత్రలు మూడే. రెండూ సూర్యగణాలే కాబట్టి ఆటవెలదిలో సూర్యగణం పడాల్సిన చోట ఏది రాసినా పద్యం కుంటుపడదు. కానీ పాదం మొదట పెట్టి చూడండి, బండారం బయటపడుతుంది. "ఐదు"తో మొదలుపెడితే ప్రాసాక్షరం ద, "అయిదు"తో మొదలుపెడితే య. పైగా ఒకదానిలో ప్రాసకు ముందున్నది గురువు, రెండోదానిలో లఘువు. ప్రాస నియమం ఉన్న పద్యంలో ఒకదాని బదులు ఇంకోటి పెట్టారంటే మిగతా పాదాలన్నీ తిరగరాసుకోవాలి. యతి దగ్గరికొస్తే ఇంకో ముచ్చట. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, య, హ కూడా వాటితోనే కలుస్తాయి. ఎ, ఏలు ఇకారం జట్టులోకి, ఒ, ఓలు ఉకారం జట్టులోకి పోయాయి. ఐ, ఔలలో ముందుగా వినబడేది అకారమేనని మన లాక్షణికులకు చెవితోనే తెలిసిపోయింది. ఇప్పుడు ఫోనెటిక్స్ పుస్తకాలు బొమ్మలేసి చెప్పేదీ అదే.

జంట పదాలు కావాలంటే కౌలు, కవులు తీసుకోండి. పూతలపట్టు వైపు చెరుకు వేసిన కౌలు రైతుకీ, పద్యం రాసే కవులకీ మధ్య తేడా అంతా ఆ ఒక్క సిలబుల్‌లోనే ఉంది. తొందరగా మాట్లాడితే కవులులో వు నలిగిపోయి రెండూ ఒకటైపోతాయి, ఆ మాట నిజమే. నింపాదిగా పలికితే కలవవు.

ఫోన్లో రికార్డు చేసి చూడాలనుంటే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసింది. "పైన" అని పలికి స్పెక్ట్రోగ్రామ్, అంటే ధ్వనిని నలుపు తెలుపుల్లో గీసి చూపే బొమ్మ, తెరవండి. అందులో అచ్చును గుర్తుపట్టించే నల్లటి గీతలే ఫార్మెంట్లు. మగగొంతైతే మొదటి ఫార్మెంట్ సుమారు 700 హెర్ట్జ్ దగ్గర మొదలై 400 వైపు దిగుతుంది. అదే సమయంలో రెండోది 1300 ప్రాంతం నుంచి 2000 వైపు ఎగబాకుతుంది. రెండు గీతలూ ఒకదానికొకటి దూరంగా, వంపు తిరిగి, ఎక్కడా తెగకుండా సాగుతాయి. ఇప్పుడు "పయ్యెద" అనండి. రెండో గీత గబుక్కున పైకెళ్లి అక్కడే కాసేపు నిలబడుతుంది, ఆ నిలబడ్డ చోట ధ్వని బలం తగ్గి నలుపు పలచబడుతుంది. అదే ఒత్తు యకారం. నిలకడ ఉందా, జారుడు మాత్రమే ఉందా అన్నదొక్కటే అక్కడ చూడాల్సింది. అంకెలు మనిషిని బట్టి మారతాయి, వాటిని పట్టుకుని వేలాడకండి.

ఔ విషయంలో అద్దం చాలు. "అవ్వ" అనండి, కింది పెదవి పైపళ్ల దగ్గరికి పోతుంది. "ఔషధం" అనండి, రెండు పెదవులూ గుండ్రంగా ముందుకొస్తాయి. యకారానికి ఈ సదుపాయం లేదు, అంతా నోటి లోపలే జరిగిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది ధ్వని సంగతి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, పాఠ్యపుస్తకాలు కూడా. ఒక ధ్వని ద్విస్వరమా, అచ్చు పక్కన హల్లా అన్నది చెవి ఒక్కటే తేల్చలేదు. ఆ భాష దాన్ని ఎలా వాడుకుంటోందన్నది చూడాలి. తిరుపతిలో పండిత శిక్షణ పిల్లలకు ఈ పాఠం చెప్పిన రోజుల్లో నేను రెండే పరీక్షలు పెట్టేవాణ్ణి.

ఒకటి, పక్కన అచ్చు తెచ్చి పెట్టడం. చిత్తూరు మామిడి మండీలో తోతాపురి ధర పాడేటప్పుడు చెవి పెట్టండి. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు అన్నంతసేపూ అది ఐయే. ఆ తర్వాత? ఇరవయ్యైదు, ఇరవయ్యారు, ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిది. మళ్లీ ఇరవై తొమ్మిది దగ్గర మామూలు ఐ. పాడేవాడికి వ్యాకరణంతో పనిలేదు. అయినా పక్కన హల్లు వస్తే ఒక రూపం, అచ్చు వస్తే ఒక రూపం ఒక్కసారి కూడా తప్పకుండా వస్తాయి. ఇరవైకి ఓ చేర్చండి, ఇరవయ్యో అవుతుంది. పైకి ఎద చేర్చండి, పయ్యెద అవుతుంది. ఐ నిజంగా విడదీయరాని అచ్చే అయితే ఈ రెండు యకారాలకు చోటెక్కడిది? మామూలు అచ్చు పక్కన అచ్చు వస్తే మనం ఒక్క య గానీ, వ గానీ వేసి సరిపెడతాం. మా అమ్మ మాయమ్మ, మా ఊరు మావూరు. అక్కడ ఒత్తు రాదు. ఐ పక్కన ఒత్తు వస్తోందంటే దాని కడుపులో అప్పటికే ఒక య్ కూర్చుని ఉందని. మరో హల్లుతో దీన్ని పోల్చి చూడండి. "కల్"కు "ఉ" వస్తే కల్లు, "ముల్"కు "ఉ" వస్తే ముల్లు అయిన తీరు ఇది. పొట్టి అచ్చు తర్వాతి హల్లు, ఇంకో అచ్చు తగలగానే రెట్టిస్తుంది. ఇరవయ్‌లో య్ కూడా అచ్చం హల్లులాగే నడుచుకుంది.

రెండో పరీక్ష, ఆ య్, వ్ ఏయే అచ్చుల తర్వాత వస్తాయో లెక్కేయడం. అయ్య, బియ్యం, నుయ్యి, నెయ్యి, రొయ్య, రాయి, వేయి. అవ్వ, దివ్వె, మువ్వ, ఎవ్వరు, కొవ్వు. తెలుగులో ఏ అచ్చు తర్వాతనైనా ఇవి తాపీగా వచ్చి కూర్చుంటాయి. ఇలా ఎక్కడ పడితే అక్కడ చేరేది హల్లు లక్షణం. ఇంగ్లీషుకు పోతే అలా కాదు. అక్కడ టైమ్‌లోది, టౌన్‌లోది, బాయ్‌లోది, కేక్, కోట్‌లలోవి అని వేళ్ల మీద లెక్కపెట్టే జతలే ఉన్నాయి. వాటి చివరి సగాన్ని విడిగా తీసి ఇంకో అచ్చుకు తగిలించలేరు, ఒత్తు పెట్టలేరు. అందుకే ఇంగ్లీషు బాయ్‌లోది ద్విస్వరం, మన పొయ్యిలోది ఒకారం తర్వాత యకారం. ధ్వని అటూ ఇటుగా ఒకటే, హోదా వేరు. ఒయ్‌కు మనకి అక్షరం ఎందుకు లేదంటే అవసరం లేదు కాబట్టి. ఒ ఉంది, య ఉంది, సరిపోయింది. ఆ లెక్కన అయ్‌కు కూడా అక్షరం అక్కర్లేదు.

మరి ఐ ఎందుకుంది? సంస్కృతం నుంచి వర్ణమాలతో పాటు వచ్చింది. అక్కడ దాని సంగతి వేరు. పాణిని "ఏచోఽయవాయావః" అని ఒకే సూత్రంలో చెప్పేశాడు: ఏ, ఓ, ఐ, ఔల పక్కన అచ్చు వస్తే అవి వరసగా అయ్, అవ్, ఆయ్, ఆవ్ అవుతాయి. నౌక అంటే నౌ అలాగే ఉంది, పక్కన క ఉంది కాబట్టి. అదే నౌకు ఇక చేరితే నావిక, దాన్నుంచే మన నావికుడు. నై పక్కన అక చేరితే నాయక. చూశారా, ఐ విడిపోతే ఆయ్ అయింది, దీర్ఘంతో. ఏ విడిపోతే హ్రస్వం, నే పక్కన అన చేరితే నయన. ఐలో మొదటి పాలు ఒకప్పుడు దీర్ఘమేనని, ఏ కూడా మొదట్లో జంట ధ్వనేనని చెప్పడానికి ఇదే పెద్ద సాక్ష్యం. ఏ, ఓలు కాలక్రమంలో ఒక్క ధ్వనిగా బిగుసుకుపోయాయి, ఐ, ఔలు జారుడును నిలుపుకున్నాయి. ఇంకో సూత్రంలో పాణిని, ఐ, ఔలను ప్లుతంగా, అంటే దీర్ఘం కంటే ఎక్కువగా, సాగదీయాల్సి వస్తే చివరనున్న ఇ, ఉలనే సాగదీయమంటాడు. లోపల రెండు ముక్కలున్నాయని తెలియకపోతే ఆ మాట అనలేడు.

ఇప్పుడు మన వీధిలోకి రండి. ఇంగ్లీషులో పవర్, టవర్, టౌన్, పౌడర్ అన్నిటిలోనూ ఉన్నది ఒకే ద్విస్వరం. మనం మాత్రం పక్కన హల్లుంటే టౌన్, పౌడర్, సౌండు అంటాం. అచ్చుంటే పవర్, టవర్, షవర్ అంటాం. అలాగే టైమ్, లైన్, ఫైలు ఒక పక్క, డయల్, ట్రయల్, బయాలజీ ఒక పక్క. ఎవరూ నేర్పలేదు, ఏ బోర్డూ నిర్ణయించలేదు. పాణిని సూత్రం గాంధీ రోడ్డులో మొబైల్ షాపు పెట్టుకున్న కుర్రాడి నోట రోజూ నడుస్తోంది, దీర్ఘం ఒక్కటి తప్ప.

తమిళం మన పక్కింటి భాష కాబట్టి దాని సాక్ష్యం కూడా తీసుకోవాలి. తమిళుల ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియంలో రెండు మాటలూ ఉన్నాయి: అకారం, ఇకారం కలిస్తే ఐ అవుతుంది, అకారం తర్వాత పొల్లు యకారం వచ్చినా ఐలాగే ఉంటుంది. అంటే మీకు వచ్చిన సందేహం అంత పాతది. నగరి, పుత్తూరు వైపు రెండు లిపులూ చదవగలిగినవాళ్లకు ఇది ఇంకా తేలిక. మనం అయ్యప్ప అని రాసేది వాళ్లు ఐయప్పన్ అని రాస్తారు. మనం అయ్యర్ అంటే వాళ్లు ఐయర్ అని రాస్తారు, కొందరు అయ్యర్ అని కూడా. పలుకు ఒక్కటే, లిపి ఎక్కడ కత్తెర వేసిందన్నదే తేడా. చెన్నైలో మైలాపూర్ అని మనం అనేది తమిళ రాతలో మయిలాప్పూర్, మయిల్ అంటే నెమలి, రెండు సిలబుళ్లు. మన నోట అవి ఒకటిగా ఒదిగిపోయాయి.

ఇంకో తమాషా మన కొండ పేరులోనే ఉంది. మనది తిరుమల, తమిళులది తిరుమలై, కొండను కన్నడంలో మలె అంటారు. తల, తలై, తలె కూడా ఇంతే. మాట చివరి అయ్ తమిళంలో ఐగా నిలిచింది, కన్నడంలో ఎగా బిగుసుకుంది, తెలుగులో యకారం రాలిపోయి అ మిగిలింది. చివరి య్ హల్లు కాబట్టే అంత సులువుగా రాలింది అని నా ఉద్దేశం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూలద్రావిడానికి పది అచ్చులే చెప్పి, ఐ, ఔలను అయ్, అవ్‌లుగానే లెక్కకట్టారు. నేనూ ఆ పక్షమే, తెలుగు మాటల వరకు.

"తెలుగు మాటల వరకు" అని ఊరికే అనలేదు. ఔన్నత్యం అనే మాట తీసుకోండి. ఔ అంటే అవ్ అని పట్టుబడితే అది అవ్‌న్నత్యం అవుతుంది, వ్ పక్కన ఒత్తు న. ఐశ్వర్యం అయ్‌శ్వర్యం అవుతుంది. వరసగా ఇన్ని హల్లులు తెలుగు మాటలకు పడవు. అక్కడ ఐ, ఔలను అచ్చులుగా ఒప్పుకుంటేనే లెక్క కుదురుతుంది. వృద్ధిసంధి కూడా అదే చెబుతుంది: ఏక, ఏక కలిసి ఏకైక, దివ్య, ఔషధం కలిసి దివ్యౌషధం. అక్కడ ఐ, ఔలది అచ్చుల హోదాయే. కాబట్టి మన భాషలో ఒకే గుర్తు కింద రెండు కాపురాలున్నాయి. ఒకటి సంస్కృతం నుంచి వచ్చిన ఐ, అచ్చు. ఇంకోటి మన అయ్, అయిలు కుదించుకుపోయి ఐగా రాయించుకుంటున్నవి. ముప్పది, నలువదిలో ద జారిపోయి ముప్పయి, నలభయి, అక్కణ్ణుంచి ముప్పై, నలభై వచ్చిన దారి మీ కళ్ల ముందే ఉంది. ఈ రెంటినీ కలిపి ఒకే మాటతో తేల్చేయాలని చూసే పుస్తకాలే మిమ్మల్ని తికమక పెట్టాయి.

యా, యూల గురించి మీరు అడగలేదు గానీ తర్వాత ఎలాగూ వస్తుంది. "యాడికి పోతావప్పా"లో యా ద్విస్వరం కాదు, హల్లు తర్వాత అచ్చు. జారుడు ఉంది నిజమే, బలం మాత్రం చివర ఉంది. ఇంగ్లీషువాళ్లు యూనివర్సిటీ ముందు "ఎ" పెడతారే గానీ "యాన్" పెట్టరు, అచ్చుతో రాసినా సరే. వాళ్ల చెవికి అది హల్లు.

ఇక రాతలో ఏం చేయాలన్నది. సంస్కృతం మాటల్లో ఐ, ఔ మార్చకండి: కైలాసం, దైవం, సైన్యం, మౌనం. పిల్లాడు కయిలాసం అని రాస్తే దిద్దాల్సిందే. అలాగే వయసు కూడా వయస్సు నుంచి వచ్చింది కాబట్టి వైసు అని రాయకూడదు, మన ఇళ్లలో "వైసైపోయింది" అని ఎంత వినబడినా. తెలుగు మాటల్లో ఐదు, అయిదు, వైపు, వయిపు, ఔను, అవును రెండూ చెల్లుతాయి, పద్యంలో మాత్రం గణం చూసుకోవాలి. బయలుదేరు, బయట అని రాయడమే మేలు, బైలుదేరినాడు, బైట మాటల్లో ఉండనివ్వండి. ఊరి పేర్లు వాడుకలో ఉన్నట్టే రాయండి. కాణిపాకం ఉన్న మండలం ఐరాల, దాన్ని అయిరాల చేయకండి. తిరుపతి పక్క అవిలాల అవిలాలే, అందులో వి నిండు సిలబుల్, ఔలాల కాదు.

పరీక్షలో "తెలుగులో ద్విస్వరాలేవి" అంటే ఐ, ఔ అని గుర్తు పెట్టండి, మార్కు పోగొట్టుకోకండి. "వక్రతమాలు" అని అడిగినా జవాబు అవే. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఎ, ఏ, ఒ, ఓలను వక్రాలన్నాడు, ఐ, ఔలను వక్రతమాలన్నాడు. వివరణ రాసే ప్రశ్నైతే మాత్రం ఇరవై మూడు, ఇరవయ్యారు పక్కపక్కన రాసి మొదలుపెట్టండి.